పక్కింట్లో దాచిన కుక్క

అది 1983 వేసవి, జంషెడ్‌పూర్. అనాథ పిల్లల్ని దత్తతకిచ్చే ఒక సంస్థలో కేస్‌వర్కర్‌గా చేరాను. ఉద్యోగం కొత్త, మీసం కొత్త; రెండింటినీ ఎవరూ లెక్కచేసేవారు కాదు. మా పనిలో హోమ్ స్టడీ అని ఒకటుంది. పిల్లని అడిగినవాళ్ళ ఇంటికెళ్ళి, అక్కడ పిల్ల క్షేమంగా పెరుగుతుందా లేదా అని చూసి రిపోర్టు రాయడం. అంతకుముందు ఇంటిని సిద్ధం చేయించడం నా వంతు.

బారిడీహ్ క్వార్టర్లలో అప్పన్న, రమణమ్మ ఉండేవారు. శ్రీకాకుళం వైపువాళ్ళు. ఆయన స్టీలు ప్లాంటులో క్రేన్ ఆపరేటర్. మా దగ్గరున్న రెండేళ్ళ పాపని చూసి వెళ్ళిన రోజే రమణమ్మ దానికి గౌరి అని పేరు పెట్టేసింది. ఇంట్లో కోళ్ళు, షేరు అనే కుక్క ఉండేవి. షేరు అంటే హిందీలో పులి. ఆ పులి కోళ్ళకి జడిసి మంచం కింద దూరేది.

నేను చెప్పింది కొంచెమే. కుక్కకి యాంటీ రేబీస్, అంటే పిచ్చి పట్టకుండా వేసే సూది, వేయించండి. కోళ్ళగూడు కిటికీ కింద నుంచి పెరటి మూలకి జరపండి.

"ఇంతేనా బాబూ?" అంది రమణమ్మ.

ఇంతే అన్నాను.

హోమ్ స్టడీకి మా సీనియర్‌తో వెళ్ళాను. గుమ్మం దాటగానే ఇల్లు తప్పామేమో అనుకున్నాను. పక్కింటి సోఫా, ఎదురింటి టేబుల్ ఫ్యాను, ఎవరివో షోకేసు బొమ్మలు. పెళ్ళిచూపులకి ముస్తాబు చేసినట్టు వాడలోవాళ్ళంతా కలిసి ఇంటిని తయారుచేసేశారు. ఫినాయిల్ వాసనకి కళ్ళు మండాయి. కోళ్ళు లేవు, కుక్క లేదు.

"జంతువులేం లేవుగా?" అన్నారు సీనియర్.

"నేవు బాబూ," అంది రమణమ్మ.

ఆ గొంతు వినగానే గోడ అవతల మూలుగు మొదలైంది.

"పక్కింటోలది," అన్నాడు అప్పన్న, పైకప్పు చూస్తూ.

పక్కింటోలది గోడ దూకి, తెగిన తాడుతో సహా వచ్చి రమణమ్మ పాదాల మీద పడుకుంది. ఆ పూట ఆ ఇంట్లో అబద్ధమాడనిది అదొక్కటే.

సీనియర్ పెన్ను మూశారు. "అబద్ధాలాడేవాళ్ళకి పిల్లనెలా ఇస్తాం?"

"ఎవరు దాచమన్నారు మిమ్మల్ని?" అని అరిచాను.

అప్పన్న సీనియర్ వైపు చూశాడు. "మొన్న ఆపీసుకొత్తే సారే అన్నారు గదా. కుక్కలున్న కొంపకి పిల్లనివ్వరంట."

నా కోపం దిక్కు మార్చుకుంది. భయపెట్టి అబద్ధమాడించేదీ మేమే, ఆడారని ఫెయిల్ చేసేదీ మేమే!

"మనం ఇల్లు చూడ్డానికొచ్చాం సార్. ఇందాకటిదాకా చూసింది అరువు సామాను. ఇల్లు ఇప్పుడే గోడ దూకి వచ్చింది."

"నీ జోకులు ఆపు," అని ఆయన రమణమ్మ వైపు తిరిగారు. "కుక్కో, పిల్లో తేల్చుకోమ్మా."

"పంపేత్తాను బాబూ. గౌరి కోసం పంపేత్తాను." కుక్క తల మీద చెయ్యి మాత్రం తీయలేదు. "మరి రేపు గౌరి ఏదో తప్పు సేత్తాది. ఎవులో వచ్చి వద్దంతారు. అప్పుడు దాన్నీ పంపెయ్యాల?"

ఫ్యాను తిరుగుతోంది. దాని సొంతదారు కిటికీలోంచి తొంగి చూస్తున్నాడు, ఫ్యానుకేమవుతుందోనని.

"ఇంకోసారి వస్తాం," అని సీనియర్ లేచారు. ఆ ఇంకోసారి వానాకాలం వెళ్ళాక గానీ రాలేదు. అప్పటికి సోఫా లేదు, చాప ఉంది. సూది వేయించుకున్న షేరు ఆ చాప మీదే ఉంది. కోళ్ళు పెరటి మూలకి చేరాయి. రిపోర్టు నేను రాశాను, ఆయన సంతకం పెట్టారు. గౌరి ఇల్లు చేరింది. కానీ ఆ వానాకాలమంతా పాప మా హాల్లో ఇనప మంచం మీదే గడిపింది. ఆ ఆలస్యానికి సంజాయిషీ ఎవరూ ఎవర్నీ అడగలేదు. నాకిప్పటికీ మంటే.

అప్పటినుంచి తొలి విజిట్‌లోనే చెప్పేస్తున్నాను: అరువు తెచ్చినవి తిరిగిచ్చేయండి, దాచినవి బయటికి తీయండి, ఆ తర్వాతే మా సార్‌ని పిలుస్తాను.