యాదగిరన్న కారు: అమ్ముడా, ఉంచుకునుడా

2023. వరినాట్లు అయిపోయి, హాలియాలో అందరికీ కాస్త ఊపిరి సలిపే రోజులు. సాగర్ రోడ్డు మీద నాది చిన్న కార్ల షెడ్డు. పైన రేకులు, కింద గ్రీజు మరకల నేల, బండి కిందికి దూరి పని చేయడానికి ఒక గుంత. చదువు మానేసిన నాటి నుంచి ఇదే పని. ఊళ్లో ఎవరి కారు దగ్గుతుందో, ఎవరిది ఆయిల్ తాగుతుందో నాకు తెలుసు. నాకు మాత్రం ఇప్పటికీ సొంత కారు లేదు. ఈ ముక్క ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇందులో కుళ్లు చాలా ఉంది, అందులో సగం నాదే.

నన్ను అందరికన్నా ఎక్కువ కుళ్లబెట్టిన కారు యాదగిరన్నది. ఆయనకు ఎరువుల దుకాణం ఉంది. వాళ్లది గొర్ల మంద మేపిన ఇల్లు. వాళ్ల బాపు మందలో సగం అమ్మి ఇస్తే 2009లో తెల్లటి పెట్రోలు కారు కొన్నాడు. కొన్నాడు సరే, నడిపిందెక్కడ? దసరాకు గుమ్మడికాయ కొట్టి ఊరు చుట్టూ ఒక తిప్పు, దగ్గరివాళ్ల పెళ్లయితే ఇంకో తిప్పు. పద్నాలుగేళ్లకు మీటరు మీద ఇరవై వేల కిలోమీటర్లు కూడా దాటలేదు. సర్వీసుకు తెస్తే నా పక్కనే నిలబడి "మెల్లగ, మెల్లగ" అంటూ ప్రాణం తీసేవాడు. ట్రయల్‌కు తీస్తే వెంట ఎక్కేవాడు. నాకు కడుపు మండేది. ఆ బండి నాదే అయితే మా ఇంటామెను, పిల్లలను ఎక్కించుకుని వారం వారం సాగర్ డ్యామ్ దాకా పోయొచ్చేవాడిని కాదా!

దానికి తోడు, రెండేళ్లుగా ఆ బండి నా షెడ్డుకు రావడం మానేసింది. బైపాస్ దగ్గర కొత్తగా పెద్ద వర్క్‌షాప్ పడింది. బండిని పైకి లేపే లిఫ్ట్, లోపం పట్టే కంప్యూటరు, కూర్చోవడానికి ఏసీ గది. యాదగిరన్న అటే మళ్లాడనుకున్నాను. ఆ దారిన పోతే తెల్లకారు కనబడుతుందేమోనని మెడ తిప్పి మరీ చూసేవాణ్ని.

ఒకరోజు పొద్దున యాదగిరన్న నడుచుకుంటూ వచ్చాడు.

"ఖాజా, వచ్చే యాడాదికి బండికి పదిహేనేండ్లు నిండుతయి. అమ్ముదునా, ఉంచుకుందునా? నీ మాట జెప్పు."

కారు ఆర్‌సీ, అంటే రిజిస్ట్రేషన్ కార్డు, పదిహేనేళ్ల దాకే. ఆ తరువాత బండిని ఆర్టీఓ ఆఫీసుకు తీసుకుపోయి, బాగానే ఉందని చూపించి రెన్యూవల్ చేయించాలి. చాలామందికి ఈ ప్రశ్న అప్పుడే వస్తుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"నన్నెందుకు అడుగుతున్నవే అన్నా? బైపాస్ కాడ ఏసీల కూసోని అడుగకపోయినవా?"

"ఆడికెందుకు పోతరా నేను?"

"సర్వీసు ఆడనే గద."

"ఎవడన్నడు నీకు? బండి ఇల్లు కదిలితే గద!"

రెండేళ్లుగా దసరా తిప్పుకు కూడా కారు బయటికి తీయలేదట. జరగని దానికి రెండేళ్లు ఏడ్చానన్నమాట. సిగ్గేసింది, కానీ అంతకన్నా భయమేసింది. తిరగని బండి తిరిగిన బండి కన్నా తొందరగా చెడుతుంది. రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి, బరువంతా ఒకేచోట పడి టైర్లు చదునవుతాయి. మేం దాన్ని ఫ్లాట్ స్పాట్ అంటాం. మీటరు చూసి కొనేవాడికి ఇవేవీ కనబడవు.

వెంటనే వాళ్లింటికి పోయాను. పక్క రేకుల కింద కారు ఉంది. దాని మీద కవరు లేదు, మూడు నల్ల గొంగళ్లు ఉన్నాయి. బానెట్ మీద ఒకటి, టాప్ మీద రెండు.

"ఇదేందన్నా?"

"గొంగడి కన్న మంచి కవరు యాడుందిరా? మా బాపు వానల మందెంబడి తిరిగెటోడు, ఇది కప్పుకుంటే సుక్క నీళ్లు దిగేటియి కావు."

"మీ బాపు తెల్లారి దాన్ని ఎండేసెటోడా, లేదా?"

రెండు వానాకాలాలు పక్కనుంచి జల్లు కొట్టింది. గొంగళ్లు తాగిన తేమంతా కారు మీదే కూర్చుంది. ఒకటి లేపి చూస్తే టాప్ మీద రంగు అప్పడంలా పొంగి ఉంది. బొటనవేలితో నొక్కితే తుప్పు పొరలుగా రాలింది. ఆయన మొహం చూడలేకపోయాను. అద్దం మీద ఈగ వాలినా తోలేవాడు, వాళ్ల బాపు గొంగళ్లతోనే దానికి తుప్పు పట్టించాడు.

వాళ్లింటామె విజయమ్మ గడపలో నిలబడి చూస్తోంది.

"మంచిగైంది. సలికి నేను వణుకుతుంటే ఒక్క గొంగడన్న నా మీద కప్పిండా? దీనికి మూడు! అమ్మిపారెయ్ ఖాజా, ఈ సవతిని."

ఆమె కోపం అక్కడితో ఆగలేదు. కట్టంగూర్‌లో వాళ్ల అక్కకు పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. వారానికి రెండుసార్లు నల్గొండ దవాఖానకు తీసుకుపోయి ఎక్సర్‌సైజులు చేయిస్తేనే కాలు తిరిగి వస్తుందని, ఆలస్యమైతే అంతే సంగతులని డాక్టరు చెప్పాడు. ఆమెను బస్సు ఎక్కించలేరు. కిరాయి బండి ఎప్పుడో ఒకసారి అయితే సరే, వారం వారం ఎవరివల్ల అవుతుంది? ఇంట్లో కారు పెట్టుకుని విజయమ్మ బస్సులు మారి పోయి, అక్క పక్కన కూర్చుని ఏడ్చి వస్తోంది.

"హైవే మీద లారీలు రాళ్లు ఎగజిమ్ముతయి. అద్దం పగిలితే?" అన్నాడు యాదగిరన్న. తరువాత నన్ను పక్కకు తీసుకుపోయి గొణిగాడు. "ఎప్పుడు జూసినా అక్కనే ఖాజా. నేనొకణ్ణి ఇంట్ల ఉన్ననని యాదికే ఉండది."

ఓహో, ఇదా సంగతి అనుకున్నాను. మొగుడికి వదినె మీద, పెళ్లానికి కారు మీద, మెకానిక్‌కు ఊరందరి మీద. బాగా కుదిరాం ముగ్గురం.

తుప్పు చూశాక యాదగిరన్న కూడా మెత్తబడ్డాడు, అమ్మాలనే తేల్చారు. బ్యాటరీ, టైర్లు మార్చాను, బ్రేకులు విప్పి కడిగాను, తుప్పు గీకించి రంగు వేయించాను. ఇంజన్ మాత్రం ఒక్క తిప్పుకే పలికింది. ఆ చప్పుడు విని మళ్లీ కుళ్లుకున్నాను. యాదగిరన్న ఒక్కటే షరతు పెట్టాడు. "ఈ ఊరోనికి వద్దు. నా కండ్ల ముంగట ఇంకొకడు నడుపుతుంటే సూడలేను." అందుకే హుజూర్‌నగర్ మనిషిని పిలిపించాను. తుప్పు సంగతి దాచకుండా చెప్పాను. అతను అయినా సరే అన్నాడు.

ట్రయల్‌కు అతను డ్రైవింగ్ సీట్లో, నేను పక్కన, వెనక మొగుడూపెళ్లాలు. అతను సీటు వెనక్కి జరిపాడు, అద్దం తిప్పుకున్నాడు, ఊరికే హారన్ కొట్టాడు. కొట్టినప్పుడల్లా వెనక యాదగిరన్న మూలుగు వినబడింది. నా సంగతీ అంతంత మాత్రమే. ఇన్నేళ్లు నా చేతుల్లో తిరిగిన గేరు రాడ్డును అతను అలా పట్టుకుంటే నాకు నచ్చలేదు.

"బండి అల్కగున్నది. మా ఇంటామె దీని మీద డ్రైవింగ్ నేర్చుకుంటది," అన్నాడతను సంబరంగా.

"ఆపు!"

యాదగిరన్న కేకనుకున్నాను. తిరిగి చూస్తే విజయమ్మ.

"నా ఇంటి కారు మీద ఎవరో ముక్కు మొహం ఎరుగనామె నేర్సుకునుడేంది? దిగు అన్నా, దిగు. ఇది అమ్మం."

ఆ మనిషి నా వైపు చూశాడు. కారును నా షెడ్డుకు మళ్లించి, దండం పెట్టి అతన్ని బస్సెక్కించాను. తిరిగొచ్చేసరికి విజయమ్మ డ్రైవింగ్ సీట్లో కూర్చుని ఉంది.

"నీకేమొస్తదే నడుపుడు?" అని యాదగిరన్న నోరు తెరిచాడు.

"వస్తది. లైసెన్సు గుడ వచ్చింది. అక్క తానికి పొయ్యేటప్పుడు నల్గొండల దిగి నేర్సుకున్న."

"ఎవల దగ్గర వదినా?" అన్నాను. "నేను లేనా?"

"నీకు జెప్తే మీ అన్నకు తెల్వకుంట ఉంటదా?" అని కారు స్టార్ట్ చేసింది.

క్లచ్ ఒక్కసారిగా వదిలింది. కారు ఎగిరి దూకి ఆగింది. మళ్లీ స్టార్ట్ చేసింది. వెనక సీట్లో యాదగిరన్న రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని నన్ను చూశాడు. "ఖాజా, జెప్పురా! అమ్ముడా, ఉంచుకునుడా?"

"తిప్పితే ఉంచుకో అన్నా. మళ్లీ నిలబెట్టేటట్టయితే ఇయ్యాల్నే అమ్ము."

ఆయన జవాబు చెప్పేలోపే కారు నా గేటు దాటింది. ఆ సాయంత్రమే కట్టంగూర్ పోయారు.

మరుసటి ఏడాది ఆర్‌సీ రెన్యూవల్‌కు ముందు బండి నా దగ్గరికి వచ్చింది. క్లచ్ ప్లేటు అరిగింది, బంపర్‌కు ఒక సొట్ట, లోపల నొప్పుల తైలం వాసన. ముందు సీట్లోంచి విజయమ్మ అక్క దిగింది. నేను చెయ్యి అందిస్తే "వద్దు బిడ్డా" అని చేతికర్ర ఆనించి తనే నాలుగడుగులు వేసి బల్ల మీద కూర్చుంది. యాదగిరన్న వెనక సీట్లోంచి దిగాడు, మొహం గంటు పెట్టుకుని.

"ముంగట సీటు అక్కదేనట. కట్టంగూర్ నుంచి హాలియా దాక అక్కాసెల్లెండ్లు నవ్వుడే నవ్వుడు. పదిహేనేండ్లు కొత్తపెండ్లికూతురు లెక్క సూసుకున్న ఈ కారును. ఒక్కనాడన్న నా పక్కన కూసోని గట్ల నవ్విందా ఆమె?"

ఆయనను చూస్తే నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఈ పనిలో నాకు ఆ కారు నేర్పింది ఇంతే. తిరిగి అరిగిన బండికి సామాను దొరుకుతుంది, మారుస్తాను. ఎవరికీ అందకుండా దాచి పోగొట్టుకున్న ఏళ్లకు ఏ షాపులోనూ సామాను దొరకదు. ఇప్పుడు ఎవరొచ్చి అమ్మాలా, ఉంచుకోవాలా అని అడిగినా మీటరు తరువాత చూస్తాను. ఈ బండిలో ఎవరెవరు ఎక్కుతారని ముందు అడుగుతాను.

"అంత కష్టంగుంటే అమ్మేద్దామా అన్నా?" అన్నాను ఆటపట్టించడానికి.

యాదగిరన్న బల్ల వైపు చూశాడు. అక్కాచెల్లెళ్లిద్దరూ దేనికో మళ్లీ నవ్వుతున్నారు.

"వద్దురా," అన్నాడు. "ఎన్క సీట్ల కూసున్నా ఇనవడ్తాంది గద."