బేస్‌మెంట్ షవర్ మీద నాకు అనుమానం రాలేదు

మా ఆయన అయ్యప్ప మాల వేసుకున్న మూడో వారం అది. పొద్దున్నే శరణుఘోష చెబుతూ మధ్యలో ఆగిపోయారు. దీక్షలో ఉన్నవాళ్ళని ముట్టుకోకూడదని దూరంగా నిలబడ్డాను గానీ, జ్వరంతో ఆయన వణకడం అక్కడికే కనిపిస్తోంది.

నాకు అనుమానాలెక్కువని ఇంట్లో పెద్ద పేరు. ముందుగా చన్నీళ్ళ తలస్నానాన్ని అనుమానించాను. అమెరికాలో, ఈ మోరిస్‌విల్‌లో డిసెంబర్ చలికి రెండు పూటలా తలస్నానమేంటండీ! తర్వాత ఒంటిపూట భోజనం. ఆ తర్వాత, భజనలో పక్కన కూర్చుని దగ్గిన స్వామి. ఇండియా నుంచి ఫోన్‌లో మా అత్తగారి అనుమానం మాత్రం నామీదే. ఇంట్లో ఎక్కడో మడి తప్పింది, నియమం తప్పింది అన్నారు. నాకు ఒళ్ళు మండింది. తాగే నీళ్ళు ఫిల్టర్ చేసి, మళ్ళీ కాచి పోసేదాన్ని నేను.

అర్జెంట్ కేర్ క్లినిక్‌లో ఫ్లూ నెగటివ్, కోవిడ్ నెగటివ్, ప్రాబబ్లీ వైరల్ అని పంపేశారు. వారాంతానికి విరేచనాలు, పొడిదగ్గు, ఆయాసం. ఆదివారం మధ్యాహ్నం చారన్నం తీసుకుని ఆయన ఉండే బేస్‌మెంట్‌లోకి దిగాను. నావైపు చూసి, "మాతా, మీరెవరు?" అన్నారు.

మాలలో ఉన్నప్పుడు ఆడవాళ్ళని మాతా అనడం మామూలే. కట్టుకున్న పెళ్ళాన్ని "మీరెవరు" అనడం మాత్రం మామూలు కాదు. దీక్షా లేదు గీక్షా లేదని రెక్క పట్టుకుని కార్‌లో కూర్చోబెట్టాను.

ఎమర్జెన్సీలో ఎక్స్‌రే తీసి న్యుమోనియా అన్నారు. సోడియం బాగా పడిపోయిందట, నన్ను గుర్తుపట్టకపోవడం అందుకేనట. ఐసీయూ డాక్టరమ్మ ట్రావెల్ చేశారా, హోటల్‌లో ఉన్నారా, హాట్ టబ్‌లో దిగారా అని అడిగింది. మాలలో ఉన్న మనిషి హాట్ టబ్‌లో దిగడమా! అన్నిటికీ నో అన్నాను. మొదలుపెట్టిన యాంటీబయాటిక్ పనిచేయలేదు. ఆక్సిజన్ పెంచుతూ పోయారు, వెంటిలేటర్ మాట కూడా వచ్చింది. మెడలో మాల తీయాలని నర్సు అంటే గురుస్వామికి ఫోన్ చేశాను. ముందు ప్రాణం, తీసెయ్యమ్మా అన్నారాయన. తీస్తుంటే ఏడుపు ఆగలేదు.

మర్నాడు యూరిన్ టెస్ట్‌లో లీజియోనెల్లా పాజిటివ్ వచ్చింది. ఆ పేరే వినలేదు నేను. నీళ్ళ పైపుల్లో పెరిగే బ్యాక్టీరియా అంది డాక్టర్. నాకు నమ్మకం కుదరలేదు. అందరం అవే నీళ్ళు తాగుతున్నాం, మాకేం కాలేదే అన్నాను.

"తాగితే కాదు. షవర్ మిస్ట్ లంగ్స్‌లోకి వెళ్తే వస్తుంది. ఆయన ఎక్కడ షవర్ చేస్తారు?" అంది.

బేస్‌మెంట్‌లో అన్నాను. దీక్ష కోసం విడిగా ఉండాలని ఆయన బేస్‌మెంట్‌కి మారారు. ఎండాకాలంలో మా చెల్లెలు వచ్చి వెళ్ళాక ఆ బాత్‌రూమ్ ఎవరూ వాడలేదు. నెలల తరబడి పైపులో నిలవున్న నీళ్ళు అవి. పైగా చన్నీళ్ళని పేరే గానీ, గోరువెచ్చగా కలుపుకునేవారట. హీటర్‌లో నీళ్ళు సరిగా కాగకపోతే ఈ బ్యాక్టీరియా అందులోనే పెరుగుతుందట.

మందు మార్చాక జ్వరం దిగింది. హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి అని ఫోనొస్తే స్కామ్ కాల్ అనుకుని రెండుసార్లు కట్ చేశాను, ఇలాంటి కేసులు వాళ్ళకి తెలియజేయాల్సిందేనని నర్సు చెబితే గానీ నమ్మలేదు. వాళ్ళ సలహా మీద షవర్ నీళ్ళు ల్యాబ్‌కి పంపితే అందులోనూ అదే దొరికింది. వాటర్ హీటర్ మరీ తక్కువలో ఉందని ప్లంబర్ వచ్చి పెంచాడు.

ఇప్పుడాయన ఆఫీస్‌కి వెళ్తున్నారు. మెట్లెక్కితే ఇంకా ఆయాసమే. వాడని ట్యాపులన్నీ వారం వారం వదులుతాను. బేస్‌మెంట్ షవర్‌కైతే తుంపర లేవకుండా హెడ్‌కి మూల కత్తిరించిన ప్లాస్టిక్ కవర్ కట్టి, నీళ్ళు వదిలి, తలుపు మూసి బయటికొస్తాను. ఈ ఏడు మళ్ళీ మాల వేసుకుంటానంటున్నారు. వేసుకోండి, స్నానం మాత్రం పైన మన బాత్‌రూమ్‌లోనే అన్నాను. అత్తగారు ఇప్పటికీ నియమం తప్పడమే అంటారు. నేను వాదించడం మానేశాను.

మీ ఇంట్లో ఎవరికైనా న్యుమోనియా అంటే, ఏం తిన్నారో ఏం తాగారో చెప్పి ఊరుకోకండి. ఎక్కడ స్నానం చేశారో డాక్టర్ అడక్కముందే చెప్పండి. నేను చెప్పుంటే సరైన మందు ముందే పడేది. ఆ మధ్యలో ఆయనకేమైనా అయ్యుంటే, మడి తప్పడం వల్లే పోయారని అందరూ నమ్మేవాళ్ళు. కొన్నాళ్ళకి నేనూ నమ్మేదాన్ని.