తలుపు వెనక వెదురుగెడ

మొన్న మా ఇంటికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. రిటైరయ్యాక సబ్బవరం వైపు కట్టుకున్న ఈ ఇంటికి ఇంకా వయసు మళ్లలేదు గానీ, వైరింగుకి మాత్రం నాలాగే అక్కడక్కడా నరాల బలహీనత మొదలైంది. మీటరు బోర్డు పక్కన కొత్త పరికరం ఒకటి బిగించాడు. కరెంటు తన దారిన తాను పోకుండా కాస్త పక్కదారి పట్టి మనిషి ఒంట్లోకి వెళ్లిందంటే, అది కనిపెట్టి కనురెప్ప పడేలోగా సరఫరా ఆపేస్తుందట. "కరెంటు సాకు కొట్టిందని మీకు తెలిసే టైం కూడా ఇవ్వదు సార్" అన్నాడు, ఆ పరికరాన్ని తనే కన్నంత మురిపెంగా. చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్లి, తలుపు వెనక మూలన నిలబెట్టిన వెదురుగెడని చూశాడు. "ఇదేటి సార్, బూజుకర్రా? ఇంత లావుదేటి?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ పొయ్యి దగ్గర్నించి, "అది పాత మోడల్ బాబూ. అదీ నీ డబ్బా సేసే పనే సేస్తాది" అంది. అతను నవ్వాడు. హాస్యమనుకున్నాడు పాపం.

ఆ పాత మోడల్ సంగతి చెప్పాలంటే ముందు మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడని వర్ణించే అర్హత నాకు పెద్దగా లేదు, ఎందుకంటే చాలా ఏళ్లపాటు నేను ఆవిడని సరిగా చూడనేలేదు. మా వాళ్లు గోదావరి వైపు నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం వెంట వచ్చినవాళ్లు. మా వైపు అత్తగారంటే అల్లుడికి ఎదురుగా పీట వాల్చుకుని కూచుని, విస్తట్లో ఖాళీ కనబడకుండా వడ్డిస్తూ, మధ్యలో ప్రమోషను సంగతి కూడా ఆరా తీసే మనిషి. మా ఆవిడ వాళ్లది ఎలమంచిలి దగ్గర పల్లె, వ్యవసాయం ఇల్లు. వాళ్లలో అత్త అల్లుడికి ఎదురుపడదు, నేరుగా మాట్లాడదు. ముట్టుకోవడం సంగతి ఇక అడగనే అక్కర్లేదు. మామగారు పోయాక, పొలం పనులు సద్దుమణిగిన రోజుల్లో ఆవిడ ఉక్కునగరంలోని మా క్వార్టరుకి వచ్చి కొన్నాళ్లు ఉండేవారు. ఉండేవారంటే, వంటింటి తలుపు వెనక ఉండేవారు. నాకు తెలిసిన అత్తగారల్లా తలుపు కింది సందులోంచి కనబడే పగిలిన మడమలూ, నిప్పుకొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్ట వాసనా, ఒక గొంతూను. ఆ గొంతు కూడా నాకోసం కాదు. "అల్లుడుగోరు ఇంకో రెండు ముద్దలు తింతారేటో అడగవే" అని తలుపు వెనక నుంచి స్పష్టంగా వినబడేది. మా ఆవిడ నా వైపు తిరిగి, "ఇంకో రెండు ముద్దలు తింటారేటని అడుగుతంది" అనేది. నేను వద్దనేవాణ్ణి. నా 'వద్దు' అదే దారిలో వెనక్కి ప్రయాణం చేసి అవతలికి చేరేసరికి కంచంలో అన్నం పడిపోయి ఉండేది. నా బొజ్జకి మూలకారణం తిండి కాదనీ, సమాచార వ్యవస్థలో జాప్యమనీ నేను ఇప్పటికీ వాదిస్తుంటాను.

ఇక ఎండాకాలం. ఉక్కునగరంలో తయారయ్యేది ఉక్కు, దొరికేది ఉక్క. హాల్లో ఫ్యాను ఉంది, కానీ హాల్లో నేనున్నాను. వంటింట్లో ఫ్యాను లేదు, కానీ తలుపుంది. కాబట్టి అత్తగారు వంటింట్లోనే కూచుని, తాటాకు విసనకర్రతో తన గాలి తాను తయారుచేసుకునేవారు. నేను ఫ్యాను కింద కాళ్లు బారజాపుకుని కూచున్నప్పుడు గోడవతల ఆ విసనకర్ర చప్పుడు వింటుంటే మనసులో ఏదో గుచ్చుకునేది. "పోనీ నేను బయట అరుగు మీద కూచుంటాను, ఆవిడని హాల్లోకి రమ్మను" అంటే, "అల్లుణ్ణి ఈదిలో కూకోబెట్టి నాను పేను కింద కూకుంతానేటే? సిగ్గునేదా?" అని జవాబొచ్చింది, మామూలు దారిలోనే. దాంతో కూర్మన్నపాలెం వెళ్లి ఒక కూలరు కొన్నాను. సముద్రం పక్క ఊళ్లో, అసలే గాలి నిండా నీళ్లున్న చోట, నీళ్లు చల్లే కూలరు ఎవరికి పనికొస్తుందని అడగకండి. ప్రేమతో కొనే వస్తువులకి తర్కం ఉండదు. ఇనపరేకుతో స్థానికంగా చేసిన పెట్టె అది. దాని ప్లగ్గుకి మూడు కాళ్లు, మా ఇంట్లో ఉన్న పొడుగు వైరు డబ్బాకి రెండే కన్నాలు. కొట్టువాడు మూడుకాళ్లది పీకేసి రెండుకాళ్లది బిగించి, "ఆ మూడోది ఎర్తు, ఊరికినే అలంకారం సార్, ఏటీ అవదు" అన్నాడు. నాకు కూడా అలంకారాల మీద పెద్ద మోజు లేకపోవడంతో తెచ్చేశాను. వెనక వరండాలో, వంటింటి కిటికీకి ఆనించి, గాలి లోపలికి కొట్టేలా పెట్టాను.

అవి ప్లాంటులో భద్రతా వారోత్సవాలు జరిగే రోజులు. ఏటా ఒక నాటకం వేసేవాళ్లం. కరెంటు ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలి అన్నదే ఎప్పుడూ ఇతివృత్తం. నాకు డైలాగులు గుర్తుండవు కాబట్టి, షాకు కొట్టి పడిపోయే పాత్ర ఎప్పుడూ నాకే. తెర లేచిన కాసేపటికి 'ఆ' అని అరిచి, గాల్లోకి ఎగిరి, కిందపడి, తెర దిగేదాకా కదలకుండా ఉండాలి. మూడేళ్లుగా ఆ పాత్రలో జీవిస్తున్నాను, శవాన్ని అలా అనొచ్చో లేదో తెలీదు గానీ. నన్ను కాపాడే పాత్ర పక్క క్వార్టరులోని మా సహోద్యోగిది. శ్రీకాకుళం మనిషి. నన్ను బావా అని పిలిచేవాడు, నా మీద జోకులు వెయ్యడానికి ఆ వరసని లైసెన్సులా వాడుకునేవాడు. రిహార్సళ్లు మా హాల్లోనే. నేను నేల మీద పడుకుని ఉంటే అతను నా చుట్టూ తిరుగుతూ, "ముట్టుకోవద్దు! పొరపాటున కూడా ముట్టుకోవద్దు! ముందు మెయిన్ ఆపండి! లేకపోతే పొడి చోట నిలబడి ఎండిన కర్రతో నెట్టండి!" అని గొంతు చించుకునేవాడు. మా వీధిలో సగంమందికి ఆ డైలాగులు కంఠతా వచ్చేశాయి. "బావ, నువ్వు సచ్చిపోవడంలో ఈ ఏడు బాగా ఇంప్రూవయ్యావు" అని మెచ్చుకునేవాడు.

పొద్దుటి షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చిన ఒక మధ్యాహ్నం, కూలర్లో నీళ్లు అయిపోయాయని వెనక వరండాలోకి వెళ్లాను. మోటరు తిరుగుతూనే ఉంది. ఆపి నీళ్లు పోయాలన్న సంగతి, ఆ వారమంతా ఆ సంగతి మీదే నాటకం ఆడుతున్న నాకు తట్టలేదు. మా ఆవిడ వరండా చివర తొట్టి దగ్గర బట్టలు జాడిస్తోంది. గచ్చంతా తడి. చెప్పుల్లేని కాళ్లు. కుడిచేత్తో బకెట్టెత్తి, ఆసరాకి ఎడమచేత్తో కూలరు అంచు పట్టుకున్నాను.

షాకు 'కొట్టడం' అంటాం గానీ, కొట్టి వదిలేస్తే బాగుణ్ణు. అది పట్టుకుంటుంది. నా చెయ్యి నా మాట వినకుండా ఆ రేకుని ఇంకా ఇంకా గట్టిగా బిగించసాగింది. నాటకంలో నేను వేసే అరుపు, ఎగురుడు అన్నీ తప్పని ఆ క్షణంలో తెలిసింది. అసలు దాంట్లో గొంతు రాదు. ఎగరడం మాట అటుంచి, ఉన్నచోటే ఒళ్లంతా పళ్లు కొరుకుతున్నట్టుంటుంది. మా ఆవిడ తలతిప్పి చూసింది. రోజూ చూస్తున్న రిహార్సలే అనుకుంది. "బాగానే సేత్తన్నారు గానీ, ఆ బకెట్టు కింద ఎట్టండి. నీళ్లు ఒలికిపోతన్నాయి" అంది. మూడేళ్లలో నా నటనకి ఇంట్లో దొరికిన మొదటి ప్రశంస అది. అప్పుడు బకెట్టు జారి పడింది, ఆవిడకి నా మొహం కనబడింది. "ఓలమ్మో! ఏటయిందండీ!" అంటూ తడిచేతులు నా వైపు చాపి పరుగెత్తుకొచ్చింది. రావద్దని చెప్పాలని నాకు తెలుసు. ఆ డైలాగు నాకు నిద్రలో కూడా వచ్చు. నోరు లేవలేదు. నన్ను పట్టుకున్నది ఇంకో క్షణంలో ఆమెని కూడా పట్టుకుంటుందని చూస్తూ నిలబడ్డాను, అంతే.

వంటింటి గుమ్మం మా ఇద్దరికీ మధ్యలో ఉంది. మా ఆవిడ దాన్ని దాటబోతుండగా లోపల్నించి ఒక చెయ్యి వచ్చి ఆమె జడ పట్టుకుని వెనక్కి గుంజింది. "ముట్టుకోకే గుంటా!" మా ఆవిడ వంటింట్లో వెల్లకిలా పడింది. బట్టలారేసే తీగకి ఊతం పెట్టే వెదురుగెడ ఒకటి ఆ తలుపు వెనకే ఉండేది. అత్తగారు కూడా తలుపు వెనకే ఉండేవారు గదా. ఆవిడ గుమ్మం దాటలేదు. లోపల పొడి గచ్చు మీదే నిలబడి, గెడ బయటికి చాపి నా ముంజేతి మీద ఒక్కటేశారు. "ఒగ్గీ బాబూ! ఒగ్గీ!" పెళ్లయిన అన్నేళ్లలో ఆవిడ నాతో నేరుగా అన్న మొదటి మాట అది. వదిలేయమని. నేను చెయ్యలేని పని ఏదైనా ఉందంటే అప్పుడు అదొక్కటే. రెండో దెబ్బకీ చెయ్యి ఊడలేదు. మూడోసారి ఆవిడ గెడ కొసని నా చంక కింద పెట్టి, గడ్డిమోపుని అటకెక్కించినట్టు శక్తికొద్దీ తోశారు. నేను వెళ్లి వరండా అవతలి కొసన పడ్డాను. ఈలోగా మా ఆవిడ లేచి స్విచ్చి ఆపింది. పడినచోటి నుంచే ఒక్కసారి తల తిప్పితే, గుమ్మంలో గెడ పట్టుకుని రొప్పుతున్న మనిషి పూర్తిగా కనబడింది. నేను ఊహించుకున్నదానికంటే చాలా చిన్న మనిషి. నేను చూస్తున్నానని గమనించగానే పైట తల మీదికి లాక్కుని తలుపు వెనక్కి వెళ్లిపోయారు.

గుండె లయ తప్పిందేమో చూడాలని ఆ రాత్రికి ఆసుపత్రిలో ఉంచేశారు. అరచేతిలో కాలిన మచ్చ చిన్నదే. మోచేతి దగ్గర్నించి మణికట్టు దాకా మాత్రం నల్లగా కమిలి వాచిపోయింది. డాక్టరుగారు ఆశ్చర్యంగా తిప్పితిప్పి చూసి, "ఇది కరెంటు వల్లేనా?" అని అడిగారు. "కాదండీ, అత్తగారి వల్ల" అన్నాను. మంచం పక్కన నిలబడ్డ మా సహోద్యోగి మొహం తిప్పుకుని నవ్వు ఆపుకున్నాడు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "బావ, ఆవిడ నా డైలాగు విని నేర్చుకున్నాది. గోడవతలకి కూడా ఇనబడేలా సెప్పాను, అదీ నటనంటే" అన్నాడు.

నాకూ అదే సందేహం పట్టుకుంది. రిహార్సళ్లు విని తెలుసుకున్నారా, లేక అల్లుణ్ణి ముట్టుకోకూడదన్న ఆచారం కొద్దీ కర్ర వాడారా? అడిగించాను. మా ఆవిడ లోపలికి వెళ్లి అడిగింది, నేను హాల్లో చెవులు రిక్కించాను. "అల్లుడుగోర్ని సేత్తో ముట్టుకుంతారేటే ఎవులైనా?" అన్న జవాబు వినబడింది. దాని వెనకే, "సెయ్యి బాగా వాసిపోనాదా?" అన్న ప్రశ్న కూడా. అంతకు మించి ఏమీ తేలలేదు. మర్నాటి నుంచి మళ్లీ అదే తలుపు, అదే చుట్ట వాసన. కూలరు తుక్కు కింద పోయింది. గెడ మాత్రం ఉండిపోయింది. మేము క్వార్టర్లు మారినప్పుడల్లా, సామాన్ల ఆటోలో పట్టకపోయినా, నా ఒళ్లో పడుకుని మాతోనే వచ్చేది. ఆ మరుసటి ఏడాది నాటకంలో పడిపోయే పాత్ర నేను వెయ్యనన్నాను. అనుభవం ఉన్నవాళ్లు కావాలని ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు.

ఈ ఇంటికి వచ్చాక అత్తగారు పల్లె వదిలి పూర్తిగా మా దగ్గరికే వచ్చేశారు. అప్పటికి బాగా పెద్దవారయ్యారు. ఇక్కడ వంటింట్లో కూడా ఫ్యాను పెట్టించాను, అయినా తలుపు తలుపే. ఒకరోజు పొద్దున్నే ఆవిడ పెరట్లో కాలుజారి పడ్డారు. లేవలేకపోయారు. మా ఆవిడ ఒక్కతీ ఎత్తబోయి, నడుం పట్టేసి అక్కడే కూలబడింది. అంబులెన్సు రోడ్డు మీదే ఆగిపోయింది, మా సందులో ఎవరో ఇసక పోశారు. నేను దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. చేతులు చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. ఆవిడ కళ్లు మూసుకుని నొప్పి భరిస్తున్నారు. నా నీడ మీద పడిందేమో, కళ్లు తెరిచి నన్ను చూశారు. పైట లాక్కోబోయారు గానీ చెయ్యి లేవలేదు. అప్పుడు నావైపు కాకుండా కూతురి వైపు మొహం తిప్పి, "ఆయనికిప్పుడు కరెంటేటీ నేదు కదే?" అన్నారు.

మా ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. "లేదత్తా, ఆపేశాను" అన్నాను నేను, మధ్యవర్తి లేకుండా. రెండు చేతులూ వేసి ఎత్తుకున్నాను. వెదురుగెడ ఎంత బరువో ఆవిడా అంతే ఉన్నట్టనిపించింది. అంబులెన్సు దాకా ఆవిడ నా భుజం పట్టుకునే ఉన్నారు. రిహార్సళ్లు విన్నారో లేదో నాకు అప్పుడూ తెలియలేదు. తెలుసుకోవాలన్న పట్టుదల మాత్రం ఆ ఇసక కుప్ప దగ్గరే ఎక్కడో పోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడని హాల్లోనే పడుకోబెట్టాం. నేను ఎదురుగా పేపరు చదువుకునేవాణ్ణి. "గాలి బాగుందా అత్తా?" అంటే, "బాగున్నాది బాబూ" అనేవారు. అదే మా సంభాషణ, రోజుకి ఒకసారి. ఇప్పుడా మంచం లేదు.

ఎలక్ట్రీషియన్ వెళ్లేముందు పరీక్ష కోసమని కొత్త డబ్బా మీది బొత్తాం నొక్కాడు. టప్పుమంది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. "సూసారా సార్, ఎంత ఫాస్టో!" అన్నాడు. నిజమే, దానికి కనురెప్పపాటు చాలు. తలుపు వెనక నుంచి ఫ్యాను కిందికి రావడానికి మా అత్తగారికి నా సర్వీసంతా పట్టింది, వచ్చాక ఉన్నది ఒక్క ఎండాకాలమే.