చల్లారిన ఇంజిన్‌ను చూపించడానికి బోధన్ దాకా

నిజామాబాద్‌లో మా ఇంటికి రెండు వందల గజాల దూరంలో ఒక రైల్వే గేటు ఉంది. ఈ ప్రయాణానికి కారణం ఆ గేటే. డిసెంబరులో ఒక ఉదయం నా శ్రీమతి సరోజను, మోకాలి శస్త్రచికిత్స తరువాత చేయవలసిన వ్యాయామాల కోసం, ఆసుపత్రికి తీసుకువెళ్తున్నాను. గేటు లేచింది. మా వంతు వచ్చింది. ముందు చక్రాలు పట్టాల మీదికి ఎక్కిన క్షణంలో మా కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనుక ఉన్నవాళ్లు దిగివచ్చి నెట్టారు. రైలేమీ రాలేదు. కానీ ఆవిడ గేటు దాటగానే దిగి, "ఇగ ఈ బండిల నేను కూసోను. బండి గావాల్నో నేను గావాల్నో మీరే సూసుకోండ్రి" అని ఆటో పిలిచింది. వారానికి మూడు రోజులు ఆ ఆటో కుదుపులకు మోకాలు మళ్లీ వాచింది. ఇలాగే సాగితే చేసిన శస్త్రచికిత్స వృథా అవుతుందని వైద్యుడు నన్నే మందలించాడు.

మా కారు ఇరవై ఏళ్ల నాటిది. అందులో కార్బురేటరు ఉండదు. ఇంజిన్‌కు ఎంత పెట్రోలు చిమ్మాలో ఒక చిన్న కంప్యూటరు లెక్క కడుతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే, నిలకడగా తిరగవలసిన ఇంజిన్ వణుకుతుంది. ఇంజిన్ వేగం చూపే సూది ఆరు వందలకూ పన్నెండు వందలకూ మధ్య ఊగుతుంది. పది నిమిషాలు గడిస్తే అంతా సర్దుకుంటుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఊళ్లోని గ్యారేజీకి మూడుసార్లు తీసుకువెళ్లాను. అక్కడికి చేరేలోపు ఇంజిన్ వేడెక్కి బుద్ధిగా తిరిగేది. "ఏం లేదు సార్, మస్తుగ ఉన్నది" అని పంపించేవారు. వారు ప్లగ్గులు మార్చారు, థ్రాటిల్ శుభ్రం చేశారు, ఫలితం శూన్యం.

నేను వారిని నమ్మలేదు. దీపావళికి ముందు ఆ గ్యారేజీలోనే సర్వీసు చేయించాను. వణుకు ఆ తరువాతి వారంలోనే మొదలైంది. మంచి భాగం తీసి పాతది బిగించారన్నది నా అనుమానం. నిజానికి నేను ముందే జాగ్రత్తపడ్డాను. సర్వీసుకు ఇచ్చే ముందు ఒక ఆదివారమంతా కూర్చుని, చెయ్యి చేరిన ప్రతి భాగం మీదా సన్నని కుంచెతో, తెల్లని రంగుతో, "న. రా." అని నా పొడి అక్షరాలు చుక్కలతో సహా రాశాను. కారు తిరిగి వచ్చాక సరిచూస్తే అన్ని సంతకాలూ ఉన్నాయి. అయితే నా చెయ్యి చేరని భాగమేదో మార్చి ఉంటారని తేల్చుకున్నాను. ఉదయపు నడకలో కలిసే పదకొండు మంది మిత్రులకూ ఆ మాటే చెప్పాను.

బోధన్‌లో గంగాధర్ అనే మెకానిక్ ఉన్నాడని వారిలో ఒకరు చెప్పారు. జనవరిలో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు బయలుదేరాను. జానకంపేట, ఎడపల్లి మీదుగా దూరం ఇరవై ఆరు కిలోమీటర్లు. మామూలుగా ముప్పావు గంట చాలు. చెరకు ట్రాక్టర్లు అడ్డం వస్తే గంట పైనే పడుతుంది, నాకూ అంతే పట్టింది. బోధన్‌లోని చక్కెర కర్మాగారం మూతపడి ఏళ్లయినా చుట్టుపక్కల పొలాల్లో చెరకు ఇంకా ఉంది. అది ఇప్పుడు ఇతర ఊళ్ల మిల్లులకు పోతుంది. ఎడపల్లిలో పది రూపాయల చాయ్ తాగుతూ, దుకాణం నడిపే ఆవిడను గంగాధర్ గురించి అడిగాను.

"గాయిన కాడ అందరి బండ్లు రాత్రి పండుకుంటయి సార్," అంది.

"ఎందుకమ్మా?"

"గదే నాకు గూడ సమజ్ కాదు."

ఆ మాటతో చాయ్ రుచి పోయింది. గంగాధర్ షెడ్డు పట్టణం మొదట్లోనే, నిజామాబాద్ రోడ్డు మీద ఉంది. బోర్డు మీద "రిపేరు"కు దీర్ఘం లేదు; నాకున్న కాస్త నమ్మకమూ అక్కడే సన్నగిల్లింది. నలభై దాటిన మనిషి, చేతుల నిండా గ్రీజు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూసి, దానిని ఎత్తనైనా ఎత్తలేదు.

"ఉడుకుడుకు ఉన్నది సార్. గిప్పుడు సూస్తె ఏం దొరకది. రాత్రి ఈడనే ఉండాలె. పొద్దుగాల మీరే వచ్చి సెల్ఫ్ కొట్టాలె."

"తాళంచెవి ఇవ్వాలా?"

"నాకెందుకు సార్? మీ జేబులనే ఉండనియ్యుండ్రి."

తాళంచెవి అడగని మెకానిక్ మీద అనుమానం మరింత పెరిగింది. కిలోమీటర్ల అంకె రాసుకున్నాను. పక్క దుకాణంలో తెల్లకాగితాలు, గమ్ము సీసా కొన్నాను; బానెట్ అంచుకు ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి అంటించి, రెండింటి మీదా సంతకం చేశాను. ముప్పై నాలుగేళ్లు ప్రశ్నపత్రాల కట్టలకు సీలు వేసిన చెయ్యి ఇది.

గంగాధర్ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "ఇదేంది సార్, పదో తరగతి పరీక్షనా? మంచు పడ్తది, గమ్ము ఆగది."

"ఆగుతుంది," అన్నాను.

ఆరున్నర బస్సుకు ఇంటికి చేరి, మరునాడు తెల్లవారుజామున అయిదున్నర బస్సుకు మళ్లీ బయలుదేరాను. టికెట్టు యాభై రూపాయల లోపే. చెవులకు మఫ్లరు మాత్రం మరవకండి. షెడ్డు చేరేసరికి ఆరు గంటల ఇరవై నిమిషాలు. గంగాధర్ అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. ఎడమ వైపు సీలు లేదు. కాగితం నేల మీద పడి ఉంది.

"గంగాధర్, బానెట్ ఎవరు తెరిచారు?" నా గొంతు తరగతి గదిలో లేచినట్లు లేచింది.

అతనికి కోపం రాలేదు. "గా పక్కన స్కూటర్ సీటు మీద చెయ్యి పెట్టి సూడుండ్రి సార్. నిన్ననే చెప్పిన గదా."

పెట్టాను. చెయ్యి తడిసింది. తరువాత కుడి వైపు కాగితాన్ని వేలితో ముట్టుకున్నాను. అది ఊడి నా వేలికే అంటుకుంది. కిలోమీటర్ల అంకెలో మార్పు లేదు. అతను, నవ్వు ఆపుకోవడానికి కాబోలు, అటు తిరిగి పరికరాల పెట్టె తెరిచాడు.

ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఒక చిన్న యంత్రాన్ని స్టీరింగు కింద తగిలించి, దాని తెర నాకు చూపించాడు. ఇంజిన్ నీళ్ల వేడి పదిహేను, లోపలికి పోయే గాలి వేడి పదిహేను. రాత్రంతా ఆగిన బండిలో ఈ రెండూ ఒకటిగా ఉండాలట. వేడి కొలిచే సెన్సరు నీళ్ల వేడిని ఎక్కువగా చూపితే కంప్యూటరు మోసపోయి పెట్రోలు తగ్గిస్తుందట. "సెన్సర్ మంచిగున్నది. మీకు కొత్తది అమ్మను సార్, పరేషాన్ గాకుండ్రి," అన్నాడు. అప్పుడు నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. ఇంజిన్ వెంటనే వణికింది. మూడు నెలల్లో మొదటిసారి ఒక మెకానిక్ ఆ వణుకును కళ్లారా చూస్తున్నాడు.

అతను ఒక సీసా తీసుకుని రబ్బరు గొట్టాల మీద కొద్దికొద్దిగా చిమ్మసాగాడు. పెట్రోలేమోనని నేను వెనక్కి జరిగాను. "మంచినీళ్లు సార్, తాగుతరా?" అన్నాడు. ఒక్కొక్క గొట్టం దగ్గరా ఆగి చెవి పెట్టి వింటున్నాడు. ఇంజిన్ వెనుక ఉన్న, వేలంత లావు గొట్టం మీద నీళ్లు పడగానే వణుకు ఆగింది. రెండు క్షణాల తరువాత మళ్లీ మొదలైంది. మళ్లీ చిమ్మాడు, మళ్లీ ఆగింది.

"దొరికిండు," అన్నాడు. "ఈడికెల్లి గాలి దొంగతనంగ లోపటికి పోతున్నది. గా గాలి లెక్క కంప్యూటర్‌కు తెల్వది. వేడెక్కితే రబ్బరు ఉబ్బి పగులు మూసుకుంటది. అందుకే మీరు యాడికి వోయినా ఏం లేదంటరు."

నేను ఈ క్షణం కోసమే ఎదురుచూస్తున్నాను. "నేను చెప్పలేదా? ఆ గ్యారేజీ వాళ్లే పాత గొట్టం బిగించారు!"

గంగాధర్ ఇంజిన్ ఆపించి, ఆ గొట్టాన్ని ఊడదీసి, తిప్పి వెలుతురులో పెట్టాడు. అడుగువైపున పగులు గోరంత పొడవు. ఆ పగులు తెల్లని అక్షరాల మధ్యగా పోతోంది.

"సార్, న. రా. అంటే ఎవలు?"

"నేనే," అన్నాను.

"కింది దిక్కు ఎట్ల రాసిండ్రు? వంచి రాసిండ్రా?"

"పైన రాస్తే తుడిచేస్తారని."

"ఇరవై ఏండ్ల రబ్బరు సార్. ముసలి మోకాలు లెక్కనే. వంచితే ఇర్గుతది."

కొత్త గొట్టం నూట ఇరవై, పని మూడు వందలు. బిగించాక బండిని మళ్లీ పూర్తిగా చల్లారనిచ్చి, పదిన్నరకు మరోసారి స్టార్ట్ చేయించి గాని నన్ను పంపలేదు. నేను అడగకుండానే పాత గొట్టాన్ని కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆ కాగితం నా సీలే.

ఇంట్లో అడుగు పెట్టగానే సరోజ, "దొరికిండా మీ దొంగ?" అంది. గొట్టాన్ని ఆవిడ చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, అక్షరాలు చదివింది. "చుక్కలు మాత్రం మంచిగ వెట్టిండ్రు," అంది. తరువాత, "మూడు నెలల సంది ఊరందర్ని అంటిరి గదా," అని లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు ఆసుపత్రి రోజు. ఆరూ ముప్పావుకు చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి, వీధిలో నిలబెట్టాను. ఆవిడ చేతికర్ర ఆనించుకుని గుమ్మంలో నిలబడి చాలాసేపు వింది; ఆటోను పిలవలేదు, వచ్చి కూర్చుంది. గేటు పడి ఉంది. ఇంజిన్ ఆపబోతే, "ఆపకుండ్రి, ఇననీయండ్రి," అంది. గూడ్సు బండి పోయేదాకా ఆవిడ చెయ్యి తలుపు పిడి మీదే ఉంది. గేటు లేచింది. పట్టాలు దాటాం. అవతల కొంత దూరం పోయాక, ఆవిడ పిడి వదిలి మఫ్లరు సర్దుకుంది.

అనుమానం నాకు వృత్తి నేర్పిన గుణం. నకలు కొట్టేవాడిని పట్టుకున్న సందర్భాలు అనేకం. అయితే అన్నేళ్లలో ఒక్కసారైనా నా జవాబుపత్రం నేను దిద్దుకోలేదు. పదకొండు మంది మిత్రుల్లో ఏడుగురికి అసలు సంగతి చెప్పాను, నలుగురు మిగిలారు. గ్యారేజీకి స్వయంగా వెళ్లాను. యజమాని గొట్టం చూసి పెద్దగా నవ్వి, చాయ్ తెప్పించాడు. మీ బండి కూడా ఉదయపు చలిలోనే మొరాయిస్తే ఒక్క మాట గుర్తుంచుకోండి: దానిని నడుపుకుంటూ తీసుకువెళ్లి చూపించకండి, ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదిలి, మెకానిక్ ఎదుట ఉన్నప్పుడే తొలిసారి స్టార్ట్ చేయండి. గమ్ము సీసా అవసరం లేదు.