ఏ కారూ బాగుందనని మనిషి

కారు చూడడానికి పోదామని ఇస్త్రీ చేసి వేసుకున్న చొక్కాతోనే మా పక్కింటి కండక్టరన్న ఇంటి ముందు షామియానా కట్టాను. ఆ శనివారం పొద్దున్నే ఇద్దరం కుప్పం పోవాలి. నేను తయారై ఆయన గేటు కొట్టేసరికి లోపలినుంచి వదిన ఏడుపు వినిపించింది. పళ్ళు తోముకుని, కాఫీ అడిగి, అది వచ్చేలోపల కుర్చీలోనే పోయాడట. గుండె అన్నారు. పుంగనూరులో షామియానాలూ కుర్చీలూ మైకుసెట్లూ అద్దెకిచ్చే అంగడి నాది. ఎన్నో ఇళ్ళ ముందు కట్టాను. ఏ ఇంటి ముందూ ఇంత కోపంగా గుంజ పాతలేదు.

కోపం ఎందుకంటే, చెప్పాల్సిన మాట చెప్పకుండా పోయాడు.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. ఈయన గురించి ఉత్త మంచే రాస్తే, ఇదెవరో వేరే మనిషని మా వీధివాళ్ళు పేజీ తిప్పేస్తారు. ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేసిన మనిషి. స్టీరింగు ఒక్కసారీ పట్టలేదు. క్లచ్చు ఏ కాలి కింద ఉంటుందో కూడా తెలీదు. అయినా మా వీధిలో ఎవరు పాత కారు కొనాలన్నా ఆయన్నే వెంటబెట్టుకుని పోయేవాళ్ళు. ఆయన్ని తీసుకుపోతే కారు రాదు. తీసుకుపోకుండా కొంటే నిద్ర రాదు. బానెట్ ఎత్తి చూపిస్తే, పరాయివాళ్ళ వంటింట్లోకి తొంగిచూసినట్టు మొహమాటంగా ఒకసారి చూసి, "ఊఁ, మూసేయప్పా" అనేవాడు. ఆ తరువాత పోయి వెనక సీట్లో కూర్చునేవాడు. ఆయన పరీక్ష అంతా అక్కడే.

పెళ్ళిళ్ళలోనూ అంతే. ముందు వరసలో కూర్చోమని ఎంత బతిమాలినా నా కుర్చీల ఆఖరు వరసకే పోయేవాడు. మైకు అక్కడికి వినిపించకపోతే తాళి కట్టే వేళైనా సరే లేచి వచ్చి నన్ను తిట్టేవాడు. "ముందున్నోళ్ళకు మైకెందుకురా? పంతులు దగ్గితే గూడా వినపడతాది. వెనకున్నోళ్ళకు గదా పెట్టాల్సింది" అనేవాడు. అక్షింతలు వేయాల్సిన జనం మా ఇద్దర్నీ చూసి నవ్వేవాళ్ళు.

నాకు కారు ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పాలి. వానాకాలంలో మా ఇంటామెకు నడుము పట్టింది. వెన్నెముకలో ఎముకల మధ్య బిళ్ళ జరిగిందన్నారు. మదనపల్లె డాక్టరు మోటారు సైకిలు ఎక్కొద్దన్నాడు, బస్సు అసలే వద్దన్నాడు, వ్యాయామం చేయించుకోవడానికి మాత్రం వారం వారం తన దగ్గరికి రమ్మన్నాడు. ఎగిరి రావాలేమో. ఒకసారి ఆటోలో పోయి వచ్చి, మంచం దిగలేకపోయింది. పక్కనే సోమలలో సొంత అక్క ఉంటే ఆమెనూ చూడలేదు. కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయే బండ్లను చూస్తూ ఉండేది. నన్ను ఏమీ అనేది కాదు. నాకు అదే భయం. తిట్టే ఆడమనిషి తిట్టడం మానేస్తే ఇల్లు ఇల్లుగా ఉండదు.

అట్లా పాత కారు కొనక తప్పలేదు. కండక్టరన్నను పిలవకా తప్పలేదు.

మొదట మదనపల్లె పోయాం. బైపాసు పక్కన పాత కార్లు అమ్మే చోట ఒక తెల్ల కారు అద్దంలా మెరుస్తోంది. లోపల మల్లెపూల సెంటు. అమ్మేవాడు నన్ను సార్ అన్నాడు. నన్ను సార్ అనేవాళ్ళు ఊళ్ళో లేరు కాబట్టి నేను అక్కడే సగం పడిపోయాను. ఊరికే ఉండలేక, "ఈయన మద్రాసులో పెద్ద ఇంజనీరు, జాగ్రత్త" అని వాడి చెవిలో ఊదాను. వాడు బెదిరి కుర్చీ వేశాడు, కూల్‌డ్రింకు తెప్పించాడు. కూల్‌డ్రింకు అయ్యేదాకా కండక్టరన్న ఇంజనీరుగానే ఉన్నాడు. అయ్యాక వెనక సీట్లో కూర్చుని, సీటు బెల్టును ఆఖరంటా లాగాడు. ఎప్పుడూ బయటికి రాని ఆ కొసన ఎండిన బురద చార.

"ఏమప్పా, ఈ బండి యాడ మునిగింది?"

"మునగడమేంది సార్! బాగా కడిగించినాం, అంతే."

"బెల్టు లోపల గూడా కడిగినారా? మీ ఇండ్లలో పెండ్లికొడుకును గూడా ఇంత బాగా తోమరు గదప్పా!"

నాకు వాడి మీద కంటే ఈయన మీదే మండింది. ఆ తెల్ల కారులో మా వీధిలోకి దిగినట్టు, పక్కింటివాళ్ళు కుళ్ళుకున్నట్టు అప్పటికే ఊహించుకుని ఉన్నాను.

తరువాత మా పుంగనూరులోనే ఒకటి చూశాం. ప్రతి రెండో ఇంటి ముందూ ఉండే రకం. దానికి రీసేల్ ఉంది, రేపు అమ్మినా కళ్ళు మూసుకుని కొంటారని అందరూ చెప్పారు. కండక్టరన్న వెనక ఎక్కి, అరచేత్తో తలుపు మీద రెండు దెబ్బలు వేశాడు. బస్సులో మాదిరి అదే ఆయన "పోనీ" అనడం. గతుకుల దారిలో తిప్పమని కళ్ళు మూసుకున్నాడు. నేను ముందుగానే రేకు డబ్బాలో అంగడి నట్లూ బోల్టులూ పోసి నా సీటు కింద పెట్టి ఉన్నాను. గతుకు వచ్చినప్పుడల్లా గలగలమంటుంటే కారు ఓనరు ముఖంలో నెత్తురు లేదు. "నిన్నటిదాకా ఏ సప్పుడూ లేదు సామీ" అని దేవుడి మీద ఒట్టు పెట్టుకుంటున్నాడు. కండక్టరన్న కళ్ళు తెరవనే లేదు.

"రేయ్ షామియానా, ఈ సప్పుడు బండిది కాదు. బండికి నీ మాదిరి కోతి చేష్టలు రావు. ఆ డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకో."

దిగాక ఆ కారూ వద్దన్నాడు. మోకాళ్ళు ముందు సీటుకు కొడుతున్నాయట, గతుకు గతుకుకూ నడుములో గుద్దినట్టు ఉందట.

"అన్నా, దీనికి రీసేల్ ఉండాది" అన్నాను.

"కొనేటప్పుడే అమ్మే మాట యాలరా? పెండ్లిసూపులకు పోయి విడాకుల సంగతి అడిగినట్టుండాది."

తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. కానీ ఆయన ఆ సాయంత్రం గోడ మీదుగా అన్న మాట మాత్రం తిట్టుకోవడానికి వీల్లేకుండా లోపల కూర్చుంది. "బండి ఎట్లుండాదని ముందు సీటును అడగొద్దు. ముందు కూసున్నోనికి స్టీరింగు సంబరంలో గతుకే తెలీదు. వెనకున్నోళ్ళకు తెలుస్తాది. వాళ్ళేమో నోరు తెరిసి సెప్పరు." డ్రైవరు జీవితమంతా రోడ్డును చూస్తాడు. కండక్టరు జనం ముఖాలు చూస్తాడు. ఆయన చదువు అది.

అప్పుడు తగిలింది కుప్పం కారు. అగ్గిపెట్టెను నిలువుగా పెట్టినట్టు నిడివిలో పొట్టిగా, పైకి ఎత్తుగా ఉంటుంది. ఆ రకం చేయడం ఎప్పుడో ఆపేశారు. రోడ్డు మీద కనిపించినా ఎవరూ తల తిప్పి చూడరు. ఒక రిటైరైన టీచరమ్మది. చుట్టుపక్కల పల్లెల్లో ఏ బడికి మార్చినా దాంట్లోనే పోయి పాఠాలు చెప్పిందట. అమ్మకానికి పెట్టి ఎన్నాళ్ళయినా ఒక్కరూ అడగలేదట.

"అన్నా, దీంట్లో పోతే జనం నవ్వుతారు."

"నవ్వనీ. మనూరి ఆవును గూడా పొట్టిదని నవ్వి అమ్ముకున్నారు. ఇప్పుడు దాన్ని సంకలో ఎత్తుకోని ఫోటోలు దిగుతాండారు."

టీచరమ్మ ఈయన్ని అదేపనిగా చూసి, "మీరు పలమనేరు బస్సులో కండక్టరు గదా?" అంది. "నేను సెయ్యెత్తినా ఆపకుండా రైట్ రైట్ అని పోయింది మీరే."

"బస్సు నిండుగా ఉండింటాదమ్మా."

"నిండుగానా! సగం సీట్లు ఖాళీ. నన్ను సూసి మొహం తిప్పుకున్నారు. ఆ పొద్దే అనుకున్నా, సొంత బండి కొనాలని. ఈ కారు మీ పుణ్యమేనప్పా."

ఎవరికీ తల వంచని మనిషి చెప్పుల్లోకి చూసుకున్నాడు. ఆ ముచ్చట నేను వీధంతా పంచాను.

ఆ కారును గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మీకూ రేపు ఇట్లాంటిది తగలవచ్చు. ఏసీ పేరుకే ఉంది. డిక్కీలో రెండు సంచులు పెడితే మూడోదానికి చోటుండదు. రంగు ఎండకు వెలిసింది, వెనక బంపరుకు సొట్ట. ఘాట్ ఎక్కేటప్పుడు ముసలాయన మాదిరి ఆయాసపడుతుంది. నేను తీసుకుపోయిన మెకానిక్కు ఇంజిను శుభ్రంగా ఉందన్నాడు, టైర్లు మార్చాలన్నాడు, ఏ సామాను కావాలన్నా బెంగళూరు నుంచే తెప్పించుకోవాలని భయపెట్టాడు. తలుపులు మాత్రం బార్లా తెరుచుకుంటాయి. సీటు మంచం ఎత్తులో ఉంటుంది. వంగే పని లేదు, ఎగబాకే పని లేదు.

మొదటిసారి కండక్టరన్న వెనక కూర్చుని ఊరంతా తిరిగి, "ఇంకోసారి వస్తామమ్మా" అని దిగాడు. నేను తిరుగు బస్సులో ఆయనతో మాట్లాడలేదు. రెండోసారి పోయి వి.కోట దారిలో చాలా దూరం తిప్పించుకున్నాడు. నేను అద్దంలో ఆయన ముఖమే చూస్తున్నాను. బాగుందనేటట్టే ఉన్నాడు. పెదవి కదిలింది కూడా.

"ఒక్కటి మిగిలిందిరా."

"ఏందన్నా అది?"

"ఈ తూరి వచ్చినప్పుడు సెప్తా."

"ఇప్పుడే సెప్పు, నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇప్పుడు సెప్తే నువ్వు దాన్ని గూడా తమాషా సేస్తావు."

మేము బయలుదేరేటప్పుడు టీచరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఆదివారం లోపల తేల్చండప్పా. పలమనేరు కూరగాయలాయన ఒకరు అడుగుతాండాడు. టమోటా బాక్సులు ఏసుకునేదానికి వెనక సీటు పీకేస్తాడంట. నాకు మనసొప్పలేదు, కానీ ఎన్ని దినాలని పెట్టుకోను?" సరే, శనివారం కచ్చితంగా వస్తామని చెప్పాను. శనివారం ఏమైందో పైన రాశాను.

వదిన కాస్త తేరుకున్నాక అడగకుండా ఉండలేకపోయాను. కుప్పం కారు గురించి ఏమన్నా అన్నాడా అని. "నాకేం తెలుసప్పా" అంది కళ్ళు తుడుచుకుంటూ. "బస్సు సంగతి ఇంట్లో సెప్పడు, ఇంటి సంగతి బస్సులో సెప్పడు. ఆయన కత అంతే గదా." మిగిలిన ఆ ఒక్కటి ఏమై ఉంటుందని మెకానిక్కుకు ఫోను చేస్తే స్టెప్నీ చూసుకోమన్నాడు. ఇంకొకడు ఇన్సూరెన్సు అన్నాడు, ఇంకొకడు రివర్సు గేరు అన్నాడు. ఏదీ ఆయన మాట మాదిరి లేదు. దహనం నుంచి తిరిగి వచ్చే దారిలో కూడా లోపల లోపల ఆయనతో జగడమాడుతూనే ఉన్నాను. ఏందన్నా ఆ ఒక్కటి? సెప్పి పోతే నీ సొమ్మేం పోయింది?

ఆదివారం టీచరమ్మ ఫోను చేసింది. "నిన్న వస్తామని రాలేదేమప్పా?" చెప్పాను. "పలమనేరాయనను రెండు దినాలు ఆగమంటాలే" అని మాత్రం అని పెట్టేసింది.

సోమవారం మేము శ్మశానంలో మూడోనాటి పాలు పోసి వచ్చేసరికి ఆ అగ్గిపెట్టె కారు షామియానా పక్కన నిలబడి ఉంది. టీచరమ్మ ఒంటరిగా కుప్పం నుంచి తోలుకుని వచ్చింది, వదినను పలకరించడానికి. లోపలికి పోయి చాలాసేపు కూర్చుంది. మనిషి పోయిన ఇంటి ముందు బేరాలేమిటని నేను కారు వైపు చూడకుండా కుర్చీలు సర్దుతున్నాను. ఎప్పుడు వచ్చిందో, మా ఇంటామె గోడ పట్టుకుని మెల్లగా వచ్చి దాని పక్కన నిలబడింది. బయటికి వచ్చిన టీచరమ్మ, "కూసుంటావామ్మా? సోమల రోడ్డు దాకా ఒక సుట్టు పోయొస్తాం" అంది.

"ఇప్పుడొద్దులే, బాగుండదు" అన్నాను.

"ఎవరికి బాగుండదు?" మా ఇంటామె నా వైపు తిరిగింది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. "నడుము నాది. మీరిద్దరు మొగోళ్ళు ఊర్లన్నీ తిరిగి, అందరి కార్లలో కూసోని వచ్చినారు. ఏనాడన్నా నన్ను కూసోబెట్టినారా?"

"నిన్ను బస్సులో కుప్పం దాకా ఎట్ల తీసకపోయేది?" అన్నాను. అది జవాబు కాదని నాకే తెలుస్తోంది. షామియానా కింద ఉన్నవాళ్ళంతా నా వైపే చూస్తున్నారు. ఆమె అప్పటికే వెనక తలుపు తెరిచి, వంగకుండా, మూలగకుండా కూర్చుంది.

ఒక చుట్టు అని పోయిన కారు ఎంతకూ రాలేదు. ఆమె ఫోనుకు చేస్తే మా ఇంట్లోనే మోగింది. టీచరమ్మ ఫోను ఎత్తదు. పలకరింపులకు వచ్చినవాళ్ళు లేచి పోయారు. టైరు పోయిందో, నడుము మళ్ళీ పట్టుకుందో, ఆ ముసలి కారు ఎక్కడ కూలబడిందో అని వీధి చివరికీ ఇంటికీ తిరిగాను. కండక్టరన్న ఉంటే "ఏందిరా, బస్సు తప్పిపోయినోని మాదిరి" అని నవ్వేవాడు. నవ్వేవాడు లేకపోతే కంగారు కూడా సరిగా పడలేమని అప్పుడే తెలిసింది. ఆయన చెప్పకుండా మిగిల్చిన ఆ ఒక్కటి ఆమెను కూర్చోబెట్టడమేనా? కావచ్చు. కాకపోవచ్చు. ఇంక ఎవర్నీ అడగడానికి లేదు. ఆ చిరాకు నాకు పోయేది కాదు.

పొద్దు వాలేటప్పుడు వచ్చింది కారు. ఒళ్ళంతా దుమ్ము. ఇంజిను ఆపి టీచరమ్మ తప్పు చేసిన పిల్లలా నా వైపు చూసింది. సోమల రోడ్డు దాకా అని, సోమలకే పోయారట. వెనక తలుపు తీశాను. మా ఇంటామె కాళ్ళు చాపుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని, వాళ్ళక్క చేలో కోసిచ్చిన అనపకాయలు ఒలుస్తోంది. తొక్కలు సీటు మీదా, కింద మ్యాటు మీదా.

"నడుమెట్లుండాది?" అన్నాను.

ఆమె తలెత్తలేదు.

"దిగుతా ఉండు. ఇంకో పిడికెడుండాయి."