మూడు, రెండు

ఎనభైల్లో ఓ సాయంత్రం వన్ టౌన్ వెళ్లే సిటీ బస్సులో నా పక్కనున్నాయన కిటికీలోంచి పదేపదే ఉమ్ముతున్నాడు. చేపల గంపల వాసన పడలేదేమో అనుకుని, సీటు మారదామా అన్నాను.

“సేపలు కాదు బావా. నా నోరే కంపు కొడతంది.”

ఆయన గోల్ఫ్ పోటీకి రిఫరీ అట. గోల్ఫ్ గురించి నాకు తెలిసిందల్లా, చిన్న బంతికి పెద్ద స్థలం కావాలనే. ఆయనే వివరించాడు. ఇద్దరి మధ్య పోటీలో ఒక్కో గుంత ఒక్కో పందెం. ఎవరు ఎన్ని గుంతలు ముందున్నారో రిఫరీ ఎప్పటికప్పుడు ప్రకటించాలి. మిగిలిన గుంతలకంటే ఆధిక్యం ఎక్కువైతే ఆట అక్కడితో సరి.

“ఇయ్యాల మా పెద్దాఫీసరు ఓ జూనియర్ సేతిలో ఓడిపోనాడు. ఇంకా రెండు గుంతలుండగానే మూడు ఎనకబడిపోనాడు. ‘మూడు, రెండు’ అని సెప్పాల. ‘ఆకరి గుంత దాకా పోరాడి, ఒక్కదాంతో ఓడారని సెప్పు, నీ పెమోషను ఆయన సేతిలో ఉంది’ అన్నారు మా ఆఫీసోళ్లు. క్లబ్బు మెట్ల మీద అలాగే సెప్పీసినాను. గెలిచిన కుర్రోడు కూడా సప్పట్లు కొట్టీసినాడు బావా! థూ!”

బంతి గుంతలో పడటమే ఆట అనుకున్నాను. మనుషులు పడటం కూడా అందులో భాగమేనన్నమాట. నాకూ రోత పుట్టింది.

స్టాపు వచ్చింది. ఆయన ఫుట్‌బోర్డు మీద నిలబడి, చొక్కా సర్దుకుని, బస్సంతటికీ వినపడేలా ప్రకటించాడు: “జూనియర్ గెలిచినాడు. మూడు, రెండు!”

“ఏటి బావా, దిగుతావా దిగవా?” అన్నాడు కండక్టరు.

ఇప్పటికీ పేపర్లో ‘ఆఖరి గుంత దాకా హోరాహోరీ’ అని కనిపిస్తే, ఓడినాయన హోదా ఏమిటా అని వెతుకుతాను.