ఆ తువ్వాల నేసింది మా వదిన

జరిగినదాన్ని జరిగిన వరుసలో ముందు రాస్తాను.

1. గత నెల చివరి మంగళవారం తెల్లవారుతుండగా వరంగల్ పెద్ద దవాఖానలో మా వదిన కన్నుమూసింది. జ్వరమని చేర్చి అప్పటికి మూడు రోజులు.

2. ఆ సాయంత్రమే దహనం జరిగింది. భర్త ఊళ్లో లేనందున తలకొరివి నేను పెట్టాను.

3. ఐదో రోజు భర్త వచ్చాడు. ఆయన మా అన్న. భీవండి మరమగ్గాలకు పోయి పదకొండేళ్లయింది. ఈ మధ్యలో ఒక్కసారీ రాలేదు.

4. పదకొండో రోజు మా వాడ కులపెద్ద ఆయన భుజాల మీద కొత్త తువ్వాల కప్పి, "ఇద్దరాడపిల్లలను ఇంతవాళ్లను చేసినవ్ తమ్మీ, పున్నెం చేసుకున్నవ్" అన్నాడు.

5. మా అన్న తల ఊపాడు.

ఐదో అంశం రాసేటప్పుడు కలం రెండుసార్లు కాగితాన్ని చింపింది. నేను బడిలో నాలుగో తరగతి దాటినవాణ్ణి కాను. మిగిలిన చదువంతా నూలు మూటల మీది చీటీలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకే ఏ సంగతినైనా చీటీ మీద ఎక్కిస్తే తప్ప నాకు నిలకడ ఉండదు. ఆ అలవాటును మా వదిన ఎగతాళి చేసేది. "నీ చీటీలు పిల్లల ముక్కు తుడుస్తయా మర్దీ?" అనేది. ఆ ప్రశ్నకు బదులివ్వడానికి ఇన్నేళ్లు పట్టింది.

అన్న వెళ్లేనాటికి పెద్దపిల్లకు ఎనిమిదేళ్లు, చిన్నది ఉయ్యాలలో ఉంది. భీవండి నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి, నాలుగోది రాలేదు. అక్కడ ఆయనకు మరో సంసారం ఏర్పడిందని తరువాత తెలిసింది. ఇంట్లో మిగిలింది నేల మీద పరిచే జంపఖానాలు నేసే మగ్గం. వెడల్పు మగ్గం గనుక కాళ్లు దించే దాని గుంటలో ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి. ఆ రెండో చోటు ఖాళీ అయింది.

వాడంతా ఒకే సలహా చెప్పింది. "పెద్దపిల్లను పక్కన కూసోబెట్టుకో. కాళ్లు గుంటలకు అందుతున్నయి కదా." చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను.

"అందుతయి. గందుకే దాన్ని గుంటల దించ" అంది మా వదిన.

వారం తిరగకముందే వెడల్పు మగ్గం విప్పించి, ఒక్కరే నేసుకునే తువ్వాలల మగ్గం పెట్టించుకుంది. దాని మీద గిట్టుబాటు తక్కువ, పని ఎక్కువ. తన సరుకు ఇతరుల సరుకులో కలవకుండా ప్రతి తువ్వాల మూలన ఒక ఎర్రపోగు నేసేది. ఆమె మగ్గం చప్పుడు ఆగిందంటే పిల్లలు బడి నుంచి వచ్చే వేళయిందని పక్కనే ఉన్న మా ఇంట్లోవాళ్లు గ్రహించేవారు. పిల్లలు కాళ్లు కడుక్కుని, ఆనాటి పాఠం ఆమెకు చెప్పాలి. ఆమెకు అక్షరం రాదు. అయినా ఎక్కడ తడబడ్డారో ముఖాలు చూసి పట్టుకునేది.

పెద్దపిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకనాడు బడి ఎగ్గొట్టి స్నేహితురాళ్లతో మధ్యాహ్నం ఆట సినిమాకు పోయింది. ఆ కబురు మోసింది నేనే. వదిన కొడుతుందనుకున్నాను. ఆమె మగ్గం దిగి, హాలు దాకా నడిచి, గేటు ఎదుట ఎండలో కూర్చుంది. ఆట విడిచాక పిల్ల బయటికి వచ్చి తల్లిని చూసింది. ఇల్లు చేరేదాకా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదని తరువాత పిల్లే నాతో చెప్పింది. ఆ పిల్ల మళ్లీ బడి ఎగ్గొట్టలేదు. ఇప్పుడు హన్మకొండలో పంతులమ్మ శిక్షణలో ఉంది.

వాడ మాత్రం ఊరుకోలేదు. "మగదిక్కు లేని కొంప గిట్లనే ఉంటది" అన్నారు. మగదిక్కు ఎక్కడికి పోయిందని ఒక్కరూ అడగలేదు. పిల్ల తప్పు చేస్తే తల్లి పెంపకం, పిల్ల బాగుపడితే తండ్రి పుణ్యం. ఈ లెక్క కట్టినవాళ్లలో ఒక్కరు కూడా ఒక్క రాత్రి ఆ పిల్లల జ్వరం చూసినవాళ్లు కారు.

"అన్నం ఎవరన్న పెడతరు మర్దీ," అనేది మా వదిన. "వద్దని చెప్పి, ఆ ఏడుపు ఇనుకుంట కూసోవాలె సూడు. గది కష్టం."

ఇక నా సంగతి. చిన్నదాన్ని ఆరో తరగతిలో చేర్చేటప్పుడు దరఖాస్తులో "తండ్రి లేక సంరక్షకుని సంతకం" అని ఒక గడి ఉంది. వదిన ఆ కాగితాన్ని తువ్వాలలో చుట్టి నా దగ్గరికి తెచ్చింది.

"నీ దస్కత్ ముత్యాల లెక్క ఉంటది. జర పెట్టు మర్దీ."

రేపు పిల్ల దారి తప్పితే జనం నన్ను నిలదీస్తారనుకున్నాను. అన్న తిరిగి వస్తే "నువ్వెవరు?" అంటాడనీ అనుకున్నాను. అందుకని, "చూద్దాంలే వదినా" అన్నాను. ఆమె ఎనిమిది రోజులు ఎదురుచూసింది. మళ్లీ అడగలేదు. తొమ్మిదో రోజున తానే బడికి పోయింది. ఆమె పట్టుదల చూసి పెద్దసారు పిల్లను చేర్చుకున్నాడు కానీ, మగవాళ్లెవరైనా వచ్చి సంతకం చేయాలంటూ గడిని ఖాళీగా ఉంచాడు.

దవాఖానలో రెండో రోజు ఆమె నన్ను కాగితం తీయమంది. "రాసుకో. చిన్నదానికి వానకాలం ఎడమ చెవి కారుతది, తానం చేసేటప్పుడు దూది పెట్టాలె. లెక్కలంటే భయం, కొడితే ఇంక రావు. కోపమొస్తే అన్నం తినది, బతిమాలొద్దు, పక్కన కూసోవాలె." అలా పదహారు అంశాలు చెప్పించింది. నా చీటీలను ఎగతాళి చేసిన మనిషి చివరికి నా చీటీనే నమ్ముకుంది.

పదకొండో రోజు తువ్వాల కప్పించుకున్నాక మా అన్న, "చిన్నదాన్ని నాతోటి తీస్కపోత. అక్కడ చిన్న పోరగాళ్లున్నరు, ఎత్తుకుంటది" అన్నాడు.

పిల్ల గోడకు ఆనుకుని నిలబడి అడిగింది. "నేనక్కడ బడికి పోతనా?"

"చూద్దాం తియ్యి" అన్నాడు.

అది నా మాటే. ఆ నోట వినేసరికి నాకు ఒళ్లు మండింది. ఆ మంటలో సగం నా మీదే.

"అన్నా, పిల్ల ఎన్నో తరగతి?" అని అడిగాను.

"నాలుగో, అయిదో."

"ఏ చెవి కారుతది?"

కులపెద్ద అడ్డం వచ్చాడు. "కన్నతండ్రి ఉండంగ నీకెందుకురా?"

"పదకొండేండ్లు తండ్రి లేనప్పుడు, నీకెందుకు పట్టదని నన్నెవ్వరు అడగలే పెద్దయ్యా. అప్పుడే అడిగుంటే బాగుండు."

మా అన్న లేచాడు. "సాదుతవా మరి? పెండ్లి దాక, ఆ తర్వాత మంచికి చెడ్డకు, జిమ్మెదారి నీదేనా? నలుగురిల చెప్పు."

"సాదుత. నాదే" అన్నాను. ఆ జవాబును నేను ముందుగా ఏ చీటీ మీదా రాసుకోలేదు.

ఆయన చెప్పులు తొడుక్కుంటుండగా చిన్నపిల్ల ఎదురుగా వెళ్లి చేయి చాపింది. "ఆ తువ్వాల మా అమ్మ నేసింది. ఇచ్చి పో."

అప్పుడు చూశాను. భుజం మీద వేలాడుతున్న కొస మూలన ఎర్రపోగు ఉంది. బజారులో కొని తెచ్చి కప్పినవాళ్లకు అది ఎవరి చేతిపనో తెలియదు. కప్పించుకున్నవాడికీ తెలియదు. తీసి ఇచ్చాడు. పదకొండేళ్లలో ఆయన ఆ పిల్ల చేతికి ఇచ్చింది అదొక్కటే.

ఈ ఉదయం పిల్ల స్నానం చేసింది. ఎడమ చెవిలో దూది నేనే పెట్టాను. ఇప్పుడు గడపలో నిలబడి ఆ తువ్వాలతో తల తుడుచుకుంటూ, "చిన్నాయినా, గంట కొడతరు" అని తొందరపెడుతోంది. ఎర్రపోగు ఆమె చెంప పక్కన తడిసి మెరుస్తోంది. పెద్దసారు దగ్గరికి పోయి ఆ గడి నింపాలి. అందులో చేయవలసిన సంతకాన్ని ముందుగా ఇక్కడ, ఇది చదివే మీ అందరి ఎదుట చేస్తున్నాను.

ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు.

సంరక్షకుడు,
వంగరి రాజవీరయ్య